కుబుసం చూసి ఏ పామో చెప్పొచ్చా?

మెట్లకిందమనిషి:
మెట్ల కింద పాత అట్టపెట్టెలు తీస్తుంటే గోడవారన పెద్ద కుబుసం కనిపించింది. మూతి నుంచి తోక కొస దాకా ఎక్కడా చిరగలేదు. టేపు పెట్టి కొలిస్తే ఆరున్నర అడుగులు. మా ఆవిడ నాగుపామేనని తేల్చేసింది, పిల్లల్ని అటు పోనివ్వట్లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. రంగు తెలియట్లేదు, మచ్చలు కూడా లేవు. ఈ తోలు చూసి విషప్పామో కాదో తేల్చే దారి ఏమైనా ఉందా?

సాయంత్రంగాలి:
సింపుల్ అండి. తల ముక్కోణంగా, కంటిపాప నిలువు గీతలా ఉంటే విషప్పాము. రెండూ గుండ్రంగా ఉంటే భయం లేదు.

కర్రాసంచీ:
పైన చెప్పింది దయచేసి ఎవరూ నమ్మకండి. నాగుపాముకీ కట్లపాముకీ కంటిపాప గుండ్రమే. కట్లపాము తలైతే మెడ కన్నా పెద్ద వెడల్పే ఉండదు. కొండచిలువకేమో నిలువు పాప, బాణం మొనలాంటి తల, విషం మాత్రం లేదు. ఆ సూత్రం పింజరి జాతులకి సరిపోతుంది, దాన్ని అన్నిటికీ అంటగట్టేశారు. పైగా కుబుసంలో పాప ఎక్కడ కనిపిస్తుంది? పాముకి కనురెప్పలు ఉండవు. కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది, అదీ తోలుతో పాటే ఊడొస్తుంది. మీ కుబుసంలో కళ్ళ చోట రెండు గాజుబిళ్ళల్లా ఉన్నవి అవే.

మెట్లకిందమనిషి గారూ, రంగు లేకపోతే నష్టం లేదు, పొలుసులు చాలు. పాములు పట్టే పనిలో పాము జారిపోయి కుబుసం ఒక్కటే మిగిలిన చోట్ల నేను చూసేది ఇవే. చీపురుకట్టతో కాకుండా చేత్తో మెల్లగా తీసి నీళ్ళలో తడపండి, మెత్తబడుతుంది. విడిచేటప్పుడు మూతి దగ్గర మొదలై మేజోడు తిరగేసినట్టు వెనక్కి ఊడుతుంది కాబట్టి మీకు బయట కనిపించేది లోపలి వైపు.

ముందు వీపు. నడుమ వరస పొలుసులు పక్కవాటి కన్నా పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటే కట్లపాము అనుకోవాలి. ఒక్కో పొలుసు మధ్యలో స్పష్టమైన గీత ఉండి, తల మీద పెద్ద పలకలు కాకుండా అన్నీ చిన్న పొలుసులే ఉంటే రక్తపింజరి వైపు చూడాలి. తర్వాత ఒంటి నడిమధ్యన, ఒక పక్క పొట్ట పలక అంచు నుంచి రెండో పక్క అంచు దాకా ఏటవాలుగా లెక్కపెట్టండి. రక్తపింజరికి 27 నుంచి 33 వరసలు, నాగుపాముకి 21 నుంచి 25, జెర్రిపోతుకి 16 లేదా 17, కట్లపాముకి మామూలుగా 15.

ఇక అడుగు భాగం. తోక మొదట్లో మలద్వారాన్ని కప్పే పొలుసు ఒకటేనా, రెండుగా చీలి ఉందా? తోక కింద పొలుసులు జతలా, ఒంటివా? తోక పొడవెంత? ముక్కు పొలుసుకీ కంటి ముందు పొలుసుకీ నడుమ ఇంకేమైనా ఉందా? నాగుపాము, కట్లపాము కుటుంబంలో అక్కడ ఏమీ ఉండదు. లేనంత మాత్రాన విషప్పామే అనుకోకండి, విషం లేని కొన్నిటికీ ఉండదు.

మెట్లకిందమనిషి:
భూతద్దం పట్టుకుని కూర్చున్నా. వీపు మధ్య వరస పక్కవాటిలాగే ఉంది. నడుం దగ్గర 17, రెండు చోట్ల చూసినా అంతే. మలద్వారం పొలుసు రెండు ముక్కలు. తోక కింద అన్నీ జతలే. తోకే అడుగుమ్ముప్పావు! ముక్కుకీ కంటికీ మధ్య చిన్నవి మూడున్నాయి.

కర్రాసంచీ:
జెర్రిపోతు. ఆ మూడు చిన్న పొలుసులు చూశాక అనుమానం అక్కర్లేదు. నాగుపాముకి మలద్వారం పొలుసు చీలదు, తోక అంత పొడుగూ ఉండదు. ఇంట్లోవాళ్ళకి ధైర్యంగా చెప్పండి, విషం లేదు. కోపమొస్తే మాత్రం గట్టిగా కరుస్తుంది, కాబట్టి పట్టుకునే సరదా వద్దు.

ఇంకోటి, పాము ఆరున్నర అడుగులు ఉండదు. పొలుసుల మధ్య మడతలుపడి ఉండే చర్మం విడిచేటప్పుడు విచ్చుకుంటుంది, అందుకే కుబుసం పాము కన్నా పొడుగు.

జువాలజీమాస్టారు:
చదువుతుంటే ముచ్చటేసింది. ఓపిక ఉంటే మెడ నుంచి మలద్వారం దాకా పొట్ట పలకలు కూడా లెక్కపెట్టండి. చాలా పాముల్లో ఒక్కో పలకకి ఒక్కో వెన్నుపూస, దానికో జత పక్కటెముకలు ఉంటాయి. అంటే ఎముకల గూడు చూడకుండానే లెక్క దొరుకుతుంది. జెర్రిపోతుకి దాదాపు 200 రావాలి. పక్కటెముకల నుంచి కండరాలు ఆ పలకలకి అతుక్కుని ఉంటాయి, పాము నేలను పట్టుకుని కదిలేది వాటితోనే. మట్టిలో తిరిగే గుడ్డిపాముకి ఈ వెడల్పు పలకలే ఉండవు, చుట్టూ ఒకే రకం పొలుసులు. (అందులో అన్నీ ఆడవే, మగపాము లేకుండానే గుడ్లు పెడతాయి. పాఠంలో చెబితే పిల్లలు నమ్మరు.)

మెట్లకిందమనిషి:
196 దాకా వచ్చి చెదిరిపోయాను మాస్టారూ, అటూఇటూగా సరిపోయినట్టే. ఇంతకీ అది ఇంకా ఇంట్లోనే ఉంటుందంటారా?

కర్రాసంచీ:
తీసినప్పుడు తోలు మెత్తగా, కాస్త తడిగా ఉంటే ఈ మధ్యే విడిచినట్టు. ఎండి పెళపెళలాడితే పాతది. ఎలాగైనా అది వచ్చింది ఎలకల కోసం. పగలు, చేతులకి గ్లోవ్స్ వేసుకుని ఆ పెట్టెలన్నీ బయటపెట్టి, వెనక గోడలో కన్నం ఉందేమో చూడండి. పాము లోపల లేదని తేల్చుకున్నాకే మూయండి. కనిపిస్తే తలుపు తెరిచి పెట్టి దూరంగా నిలబడండి, దాని దారి అది చూసుకుంటుంది.