‘ముగించును’ అని ఉండేదా, ‘ముగించుకొనును’ అని ఉండేదా?

ప్రశ్న: సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న రోజుల్లో తెలుగులో వ్రాసుకున్న నోటుపుస్తకం ఒకటి నా వద్ద ఉండేది, ఇప్పుడు లేదు. అందులో ప్రోగ్రామును ఆపే ఎగ్జిట్ ఫంక్షన్‌ను గురించిన ఒక వాక్యం కొద్ది రోజులుగా నన్ను వదలడం లేదు. ‘నమోదైన పనులను తుది నుండి మొదటికి జరిపి, వ్రాసినది పంపి, తెరిచినది మూసి, ప్రోగ్రాము తన పనిని...’ అన్నంతవరకు గుర్తున్నది. ఆపైన ‘ముగించును’ అని ఉండేదా, ‘ముగించుకొనును’ అని ఉండేదా?

మొదటి సమాధానం: సందేహమెందుకండీ, ‘కొను’ ఉండి తీరాలి. ఎగ్జిట్‌ను పిలిచేది ప్రోగ్రామే, ముగిసేదీ అదే, కనుక ఇది ఆత్మార్థకం, అంటే తన కోసం తానే చేసుకునే పని. బయటి నుండి వచ్చిన సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అందించే హెచ్చరిక) వల్ల పోతే ‘ముగింపబడును’. ప్రోగ్రాము మొదలయ్యే ఫంక్షనైన మెయిన్ చివరి బ్రాకెట్‌ను చేరి ఆగితే ‘ముగియును’. 1999 నాటి సి ప్రమాణం నుండి అక్కడ సున్నాను తిరిగి ఇచ్చినట్లే లెక్క.

రెండవ సమాధానం: ఆ విభజన వినడానికి బాగుంది కాని, ప్రోగ్రామును అర్ధాంతరంగా ఆపే అబార్ట్ ఫంక్షన్ దగ్గర నిలవదు. అబార్ట్‌ను పిలిచేది కూడా ప్రోగ్రామే కదా! అయినా అది, ముగింపులో నడవాలని ఎట్‌ఎగ్జిట్‌తో నమోదు చేసిన ఫంక్షన్లలో ఒక్కదానినీ పిలవదు, బఫర్‌లో, అంటే పంపేముందు వ్రాతను దాచే చోట, మిగిలినది బయటకు వెళ్తుందన్న హామీ కూడా ఇవ్వదు. కాబట్టి ‘కొను’ అనేది ముగించినది ఎవరో చెబుతుందే తప్ప, శుభ్రంగా ముగించినదా లేదా అన్నది చెప్పదు. ఆ శుభ్రత అంతా ‘జరిపి, పంపి, మూసి’ అన్న మూడు క్త్వార్థకాలలోనే (‘చేసి’ వంటి అసమాపక క్రియలలోనే) ఉన్నది. నన్నడిగితే అబార్ట్‌కు ‘తెంచుకొనును’ అనీ, ఈ సర్దుబాట్లేవీ చేయక ఆపే, పేరు ముందు అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్‌కు ‘చెప్పాపెట్టకుండా లేచిపోవును’ అనీ వ్రాస్తాను. ఫోర్క్ చేసిన, అంటే నడుస్తున్న ప్రోగ్రాము తన నకలును పుట్టించిన తరువాత, ఆ పిల్ల ప్రాసెస్ ఆ రెండవ పద్ధతిలో పోవడమే మేలు, లేకుంటే తల్లి బఫర్‌లో అప్పటికే ఉన్న మాటలు రెండుసార్లు అచ్చవుతాయి.

మూడవ సమాధానం: మీరిద్దరూ క్రియను పట్టుకొని ‘తుది నుండి మొదటికి’ అన్న అసలైన సొగసును వదిలేశారు. చివర నమోదైన ఫంక్షన్ ముందుగా నడుస్తుంది, ఎందుకంటే తరువాత తెరిచినది ముందు తెరిచినదానిపై ఆధారపడి ఉండవచ్చు. అటువంటి నమోదులకు కనీసం 32 చోట్లు ఉండాలని ప్రమాణం చెబుతుంది. ఇక అబార్ట్ అంటే నాకు నన్నయ గుర్తుకు వస్తాడు. ఆయన అరణ్యపర్వంలో ఆగిపోగా, తిక్కన ఆ శేషాన్ని ముట్టక విరాటపర్వంతో ఎత్తుకున్నాడు, మిగిలినదానిని ఎర్రన పూరించాడు. నడుమ తెగిన ప్రోగ్రామునకు ఎర్రన దొరకడు.

మొదటి సమాధానమిచ్చినవారు: ఎర్రనగారి మీద నాకూ భక్తి ఉన్నది, కాని ‘ముగింపబడును’లోని ‘బడు’ సంగతి మిగిలే ఉన్నది. సిగ్నల్ వస్తే ప్రోగ్రాము కర్త కాదు, కర్మే కదా?

రెండవ సమాధానమిచ్చినవారు: తక్షణం చంపే సిగ్‌కిల్ సిగ్నల్ అయితే కర్మే, దానిని పట్టుకొనే వీలు లేదు. ముగించమని కోరే సిగ్‌టర్మ్ అలా కాదు. సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్‌లో ఎగ్జిట్‌ను పిలవడం క్షేమం కాదు గనుక, తెలిసినవారు అక్కడ వోలటైల్ సిగ్ అటామిక్ టి రకపు జెండాను (సిగ్నల్ నడుమ వచ్చినా చెడని గుర్తు చరాన్ని) ఒకదానిని ఎత్తి ఊరుకుంటారు. ప్రధానమైన లూప్ దానిని చూసి బయటపడి, చేతిలో పని పూర్తి చేసి, తానే మెయిన్ నుండి తిరిగి వస్తుంది. ముగించమన్నది ఇతరులు, ముగించుకున్నది తాను. దీనిని ‘బడు’లో వేస్తారా, ‘కొను’లో వేస్తారా?

మూడవ సమాధానమిచ్చినవారు: మెయిన్ నుండి తిరిగి రావడమూ ఎగ్జిట్‌ను పిలవడమూ ఒకటేనని ఎవరైనా అనబోతే ముందే చెబుతున్నాను, అచ్చంగా ఒకటి కాదు. తిరిగి వస్తే మెయిన్‌లోని స్థానిక చరాల ఆయుష్షు అక్కడితో తీరుతుంది. బఫర్‌ను మనమే ఇచ్చే సెట్‌విబఫ్‌కు అటువంటి స్థానిక శ్రేణిని బఫర్‌గా ఇచ్చి ఉంటే, ‘వ్రాసినది పంపి’ అన్న మాట చెల్లే సమయానికి ఆ బఫర్ ఉండదు.

అడిగినవారు: ఇవన్నీ చదువుతుండగా ఇంకొకటి తట్టింది. అది వాక్యాంతం కాదేమో, ‘ముగించుకొని’ అని ఉండి, ఆ తరువాత ఫలితాన్ని ఎవరికో తెలుపును అని ఉండేది. ఎవరికి అన్న మాట మాత్రం గుర్తుకు రావడం లేదు.

రెండవ సమాధానమిచ్చినవారు: యూనిక్స్‌లో అయితే తల్లి ప్రాసెస్‌కు. మామూలుగా పిల్ల ముగింపు కోసం వెయిట్‌తో చూసే తల్లికి అందేది చివరి ఎనిమిది బిట్లే కనుక, 256 అని చెప్పి పోయిన పిల్ల సున్నా అన్నట్లే ఆమెకు వినిపిస్తుంది. కాని ‘కొని’ అంటే నా క్త్వార్థకాలు మూడు కాదు, నాలుగు అవుతాయి. కాస్త ఆలోచించుకొని చెప్పండి.