ఎనిమిదేళ్ల పిల్లాణ్ని అలాంటి కథలో పెట్టొచ్చా? జేకబ్ ట్రెంబ్లే మీద ఒక చర్చ

సర్రే గోదారి:

మొన్న శనివారం రాత్రి ఇంట్లో అందరం కూర్చుని "రూమ్" సినిమా పెట్టుకున్నాం. నాకది మూడోసారి, మా తోడికోడలికి మొదటిసారి. సగంలో లేచి వెళ్లిపోయింది. "కథ రాసినవాళ్లని ఏమీ అననుగానీ అక్కా, ఆ పసివాణ్ని అందులో పెట్టిన అమ్మానాన్నల్ని ఏమనాలి?" అంది. పన్నెండింటిదాకా వాదించుకున్నాం, తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పదిహేడేళ్ల అమ్మాయిని ఒకడు ఎత్తుకుపోయి పెరట్లో షెడ్డులో ఏడేళ్లుగా బంధించి ఉంచుతాడు. అక్కడే పుట్టిన కొడుకు జాక్‌కి ఐదేళ్లు నిండిన రోజున కథ మొదలు. వాడికి ఆ గదే లోకం. తల్లి బ్రీ లార్సన్, కొడుకు జేకబ్ ట్రెంబ్లే. జేకబ్ 2006 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్‌లో పుట్టాడు, పెరిగింది లాంగ్లీలో, అంటే మా సర్రేకి పక్క ఊరే. తండ్రి పోలీసు శాఖలో డిటెక్టివ్. 2014 చివర్లో టొరంటోలో షూటింగ్ జరిగేనాటికి పిల్లాడికి అప్పుడప్పుడే ఎనిమిదేళ్లు నిండాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. తప్పు లేదు. పిల్లాడికి ఎంతవరకు చెప్పారు, పక్కన ఎవరున్నారు, "కట్" అన్నాక ఎవరి ఒళ్లోకి పరిగెత్తాడు అన్నవి నాకు ముఖ్యం. షూటింగ్‌కి ముందు మూడు వారాలు లార్సన్, ఈ అబ్బాయి కలిసి గడిపారు. సినిమాలో ఆ గదిలో కనిపించే బొమ్మలు కొన్ని వాళ్లిద్దరూ కూర్చుని చేసినవే. జాక్ తల్లి మీద గట్టిగా అరవాల్సిన చోట జేకబ్‌కి నోరు రాలేదట. లార్సన్ అప్పటికే స్నేహితురాలైపోయింది మరి. అప్పుడు దర్శకుడు లెనీ అబ్రహామ్సన్ సెట్ మీదున్న వాళ్లందరిచేతా అరిపించాడు. అందరూ అరుస్తుంటే వాడూ అరిచాడు. ఇంత ఓపిక పట్టిన మనిషి దగ్గర ఉన్న పిల్లాడి గురించి నేను బెంగ పెట్టుకోను.

చాక్‌పీసు మాస్టారు:

అమ్మా, మీరు చెప్పినవన్నీ నిజమే అనుకుందాం. నా భయం కూడా సరిగ్గా అక్కడే. ఆడించి ఆడించి తీసుకెళ్లి అల్మారాలో కూర్చోబెట్టారు. ఆ దుర్మార్గుడు రాత్రిళ్లు వచ్చినప్పుడు పిల్లాడు అల్మారా తలుపు సందుల్లోంచి చూస్తూ ఉంటాడు చూడండి, ఆ కళ్లు నటిస్తున్న కళ్లలా నాకు అనిపించలేదు. "పిల్లాడికి కథ పూర్తిగా తెలియదు కదా" అని సమాధానం చెప్తారు. తెలియకపోతే వాడు ఒప్పుకున్నది దేనికి? వాడికి తెలియని పనికి వాడి మొహం వాడుకున్నట్టే కదా?

నా సంగతి చెప్తాను. తొమ్మిదేళ్లప్పుడు మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషం వేశాను. పాము కరిచి చచ్చిపోయాక చంద్రమతి వేషం కట్టినాయన నన్ను ఒళ్లో వేసుకుని పద్యం ఎత్తుకున్నాడు. నేను కదలకూడదు. ఆయన కన్నీళ్లు నా చెంప మీద పడుతున్నాయి, ముఖానికి పూసిన అర్దళం కారి నా నోట్లోకి వస్తోంది. ముందు వరసలో మా అమ్మ ఏడుపు వినిపిస్తోంది. అందరూ మెచ్చుకున్నారు, రెండు వన్స్‌మోర్లు. ఆ తర్వాత చాలాకాలం నిద్రలో పాములే. అది ఉత్తుత్తిదని నాకు తెలుసు. నిద్రకి తెలియలేదు.

కీఫ్రేమ్:

మాస్టారూ నమస్కారం. నేను హైదరాబాద్ నుంచి వచ్చి పన్నెండేళ్లుగా వాంకూవర్‌లో విజువల్ ఎఫెక్ట్స్ పని చేస్తున్నా. సెట్ మీదికి పెద్దగా వెళ్లను, కానీ పిల్లలున్న షాట్లు చాలా చేశాను. ఒక్క మాట. ఆ గదిని పదడుగులకి పదడుగులు కట్టారు. తెర మీద ఊపిరాడనట్టు ఉంటుంది, నిజానికి కెమెరా పెట్టుకోవడానికి గోడ పలకలు ఊడొచ్చేవి. మీరు చూసిన అల్మారా సందు అవతల దీపాలు, మైకులు, మనుషులు ఉంటారు. ఒక షాట్ అక్కడ, ఇంకో షాట్ మర్నాడు. భయంకరమైన దృశ్యమంతా కూర్పులో పుడుతుంది. మీ నాటకంలో ఆ వెసులుబాటు లేదు, గంటసేపు మీరు శవంగా ఉండాల్సిందే. అదీ ఇదీ ఒకటే అనడం సరికాదేమో.

2019లో వచ్చిన "డాక్టర్ స్లీప్" తీసుకోండి. అందులో బేస్‌బాల్ ఆడే కుర్రాడిగా జేకబ్ ఒకే ఒక్క పెద్ద దృశ్యంలో కనిపిస్తాడు, వాణ్ని హింసించి చంపుతారు. ఆ రోజు సెట్ మీద పెద్ద నటులు తట్టుకోలేకపోయారని దర్శకుడు మైక్ ఫ్లానగన్ చెప్పాడు. కుర్రాడు మాత్రం ఒంటినిండా ఉత్తుత్తి రక్తంతో లేచి, అక్కడే ఉన్న నాన్న చేతికి చేయి కొట్టి చిరుతిళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయాడట.

చాక్‌పీసు మాస్టారు:

బాబూ, గోడ పలకల సంగతి ఒప్పుకుంటున్నాను, అది నాకు తెలియదు. రక్తం పూసుకుని నవ్వుకుంటూ వెళ్లాడన్న మాట మాత్రం నాకు ఊరట ఇవ్వలేదు. వేషం విప్పాక నేనూ నవ్వుకుంటూనే వెళ్లి మిఠాయి తిన్నాను.

బుజ్జిగాడి అమ్మ:

రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మీరంతా "రూమ్" గురించి మాట్లాడుతున్నారు, నాకు ఆ అబ్బాయి పేరు చెప్తే "వండర్" గుర్తొస్తుంది. 2017 సినిమా. అందులో ఆగీ అనే పిల్లాడికి ముఖం ఎముకలు సరిగ్గా ఎదగని జబ్బు, ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్. ఐదో తరగతిలో మొదటిసారి బడికి వెళ్తాడు. రెండు కోట్ల డాలర్లతో తీస్తే ముప్పై కోట్లు దాటి వచ్చాయి.

మావాడికి పుట్టుకతోనే పెదవి చీలి ఉంది, ఒక చెవి సరిగ్గా రాలేదు. మూడు ఆపరేషన్లయ్యాయి. పదేళ్లు ఇప్పుడు. ఆ సినిమా వాడికి ప్రాణం. ఆగీ వ్యోమగామి హెల్మెట్ పెట్టుకుని తిరుగుతాడు కదా, మావాడు వాళ్ల నాన్న బండి హెల్మెట్ పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. అందుకు ఆ సినిమాకి దణ్ణం పెడతాను.

అయినా ఒకటి గుచ్చుకుంటుంది. జేకబ్‌కి రోజూ ముఖానికి కృత్రిమ చర్మం అతికించేవారు, తలకి టోపీలాంటిది, కళ్లు కిందికి లాగడానికి ఏర్పాట్లు. దాదాపు గంటన్నర పట్టేదని చదివాను. ఆ మేకప్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. సాయంత్రం అవన్నీ ఊడదీసి ముఖం కడుక్కుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాడు. మావాడికి కడిగితే పోయేది కాదు. అలాంటి ముఖమున్న పిల్లాడు ఒక్కడైనా ఆ వేషానికి దొరకలేదా? "ఇలాంటి ముఖంతో సినిమాలో హీరో అవ్వొచ్చు" అని మావాడు చూసుకోవాల్సిన చోట, మంచి ముఖమున్న పిల్లాడు మావాడి ముఖం తొడుక్కున్నాడు.

సర్రే గోదారి:

అమ్మా, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. జేకబ్ ఆ వేషాన్ని తేలిగ్గా తీసుకోలేదు. టొరంటోలో పిల్లల ఆస్పత్రికి వెళ్లి అలాంటి పిల్లల్ని, వాళ్ల కుటుంబాల్ని కలిశాడు. వాళ్లు రాసిన ఉత్తరాలు ఒక ఫైల్లో పెట్టుకుని, కష్టమైన సన్నివేశాల ముందు తిరగేసేవాడు. అలాగని మీ బాధకి అది జవాబు కాదు, నాకూ తెలుసు.

కీఫ్రేమ్:

బుజ్జిగాడి అమ్మగారూ, పని చేసేవాడిగా ఒక సంగతి చెప్తాను, మీ వాదనకి బలమే అవుతుంది. పిల్లలకి రోజుకి ఇన్ని గంటలే పని అని కొలత ఉంటుంది, మేకప్ కుర్చీలో కూర్చున్న సమయం కూడా అందులోంచే పోతుంది. అందుకే ఆ మేకప్ తొందరగా ముగిసేలా చేయడానికి అంత తంటాలు పడ్డారు. నిజంగా ఆ జబ్బున్న పిల్లాణ్ని తీసుకుని ఉంటే రోజూ గంటన్నర మిగిలేది. "అది సాధ్యం కాదు" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

పాత చైల్డ్ ఆర్టిస్ట్:

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. ఏడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా హైదరాబాద్‌లో సీరియళ్లలో చేశాను. పేర్లు వద్దు. కథలో ఏడవడం నాకెప్పుడూ కష్టం కాలేదు, గ్లిజరిన్ పెట్టేవారు, ఏడ్చేదాన్ని. రాత్రి పదకొండింటికి "ఇంకొక్క సీను పాపా" అన్నప్పుడే ఏడుపు నిజంగా వచ్చేది. సంపాదించింది ఏమైందో ఇంతవరకు ఇంట్లో అడగలేకపోయాను. అమ్మకి బాధ కలుగుతుందని.

అందుకే కథ చీకటిదా వెలుతురుదా అని మీరు కొట్టుకుంటుంటే నాకు వేరే ప్రశ్న వస్తోంది. ఆ అబ్బాయి డబ్బు ఎక్కడ పడింది?

కీఫ్రేమ్:

మంచి ప్రశ్న అడిగారు. వాంకూవర్ ఉన్న మా బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లో పిల్లాడి సంపాదన ఒక నిర్మాణంలో 2,000 డాలర్లు దాటితే, పైమొత్తంలో 25 శాతం తల్లిదండ్రుల చేతికి రాదు. యజమానే ప్రభుత్వ ట్రస్టీకి కట్టాలి, పిల్లాడికి 19 ఏళ్లు వచ్చాక ఇస్తారు. కాలిఫోర్నియాలో 15 శాతం. దాన్ని కూగన్ చట్టం అంటారు. చాప్లిన్ పక్కన నటించిన చిన్న జాకీ కూగన్ పెద్దయ్యాక చూసుకుంటే సంపాదనంతా తల్లి, సవతి తండ్రి ఖర్చుపెట్టేశారు. కోర్టుకెక్కాడు. 1939లో చట్టం వచ్చింది.

గోదారి గారికి ఒక మాట. "రూమ్" తీసిన టొరంటో ఒంటారియో ప్రావిన్స్‌లో ఉంది. అక్కడ బాలనటుల రక్షణ చట్టం 2015లో చేశారు, అమల్లోకి వచ్చింది 2016 ఫిబ్రవరిలో. అంటే ఆ సినిమా తీస్తున్నప్పుడు ఆ ప్రావిన్స్‌లో ఆ చట్టం లేదు, నటుల సంఘం ఒప్పందాలే దిక్కు. జేకబ్‌కి మంచి దర్శకుడు, బుద్ధిగల తల్లిదండ్రులు దొరికారు, బాగానే జరిగింది. దొరకని పిల్లాడి సంగతేంటి? మీ వాదన మనుషుల మంచితనం మీద నిలబడి ఉంది.

సర్రే గోదారి:

అవును. అది నేను చూడలేదు. "తప్పు లేదు" అన్నానే, "ఆ అబ్బాయి విషయంలో తప్పు జరగలేదు" అని ఉండాల్సింది. రెండూ వేరు.

పాత చైల్డ్ ఆర్టిస్ట్:

మన దేశంలోనూ 2017 నుంచి నిబంధనలున్నాయి, మా రోజుల్లో లేవు. రోజుకి ఐదు గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకి మించి పని పెట్టకూడదు, కలెక్టర్ అనుమతి కావాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేర జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇది చదువుతున్న తల్లిదండ్రులెవరైనా ఉంటే, ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ డిపాజిట్ కాగితం అడగండి. సిగ్గుపడకండి.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. షూటింగ్ గంటలకి లెక్క ఉంది. ప్రచారానికి? 2015 సెప్టెంబరు నుంచి 2016 ఫిబ్రవరి చివర ఆస్కార్ దాకా ఆ పిల్లాడు సూట్లేసుకుని ఎన్ని వేదికలెక్కాడో చూడండి. తొమ్మిదేళ్లు! అమెరికా విమర్శకులిచ్చే క్రిటిక్స్ చాయిస్‌లో బాలనటుడి బహుమతి తీసుకుని, దీన్ని నా మిలీనియమ్ ఫాల్కన్ ("స్టార్ వార్స్" అంతరిక్ష నౌక) బొమ్మ పక్కన అరలో పెట్టుకుంటానన్నాడు. ఆస్కార్ రాత్రి వేదిక మీదికి "స్టార్ వార్స్" రోబోలు వస్తే చూడ్డానికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అందరూ ముచ్చటపడ్డారు, నేనూ పడ్డాను. ఆ రాత్రి తల్లి పాత్రకి లార్సన్‌కి ఆస్కార్ వచ్చింది, వాడికి నామినేషన్ కూడా లేదు. సినిమా మొత్తం వాడి కళ్లతో నడుస్తుంది, అమెరికాలో ప్రచారమంతా సహాయ నటుడిగా చేశారు. కెనడావాళ్లు మాత్రం ఆ మరుసటి నెలలో ఉత్తమ కథానాయకుడి బహుమతే ఇచ్చారు. పెద్దవాళ్లతో సమానంగా పని చేయించుకుని, మర్యాద దగ్గరికొచ్చేసరికి "చిన్నపిల్లాడు కదా" అంటారు చూడండి, అది నాకు బాగా తెలుసు.

చాక్‌పీసు మాస్టారు:

తల్లీ, నీ మాటతో నా ప్రశ్న కొంచెం పక్కకి జరిగింది. రాత్రి పదకొండింటి సీను లోహితాస్యుడి కంటే ఘోరం. చట్టం ఉండాలి, డబ్బు భద్రంగా ఉండాలి, ఒప్పుకున్నాను. నిద్ర సంగతి మాత్రం ఏ చట్టంలోనూ లేదు, అక్కడ నా మాట నాదే. బడిలో ముప్పైనాలుగేళ్లు పిల్లలచేత నాటకాలు వేయించాను. చచ్చిపోయే వేషం ఒక్కసారి కూడా పదేళ్ల లోపు పిల్లాడికి ఇవ్వలేదు.

బుజ్జిగాడి అమ్మగారూ, అడగకూడదేమో, అడుగుతున్నాను. ఆ వేషం మీవాడికే వచ్చుంటే పంపేవారా?

బుజ్జిగాడి అమ్మ:

రాత్రంతా ఆలోచించాను మాస్టారూ. ఆగీని బడిలో తోటిపిల్లలు వెక్కిరించే దృశ్యాలున్నాయి. జేకబ్‌ని వెక్కిరించినప్పుడు అది అతికించిన ముఖానికి తగిలింది. మావాడైతే నాలుగు టేకుల్లో నాలుగుసార్లు సొంత ముఖానికే తగిలేది. పంపేదాన్ని కాదేమో. అయినా అడిగి ఉండాల్సింది అనే అంటాను. వద్దనే హక్కు మాకుండాలి, వాళ్లే ముందుగా వద్దనుకోకూడదు.

పొద్దున మావాణ్నే అడిగాను. "నాకు ఆగీ వేషం వద్దు, జాక్ విల్ వేషం కావాలి" అన్నాడు. ఆగీ స్నేహితుడి పాత్ర అది. వాడికి ముఖం గురించి కథే లేదు.

సర్రే గోదారి:

మీవాడికి ఆ వేషం ఎవరైనా రాయాలి అమ్మా.

మా తోడికోడలు నిన్న మిగతా సగం చూసింది. జాక్ తన పొడుగాటి జుట్టు కత్తిరించి ఆస్పత్రిలో ఉన్న తల్లికి పంపే చోట రిమోట్ తీసుకుని ఆపింది. "అది వాడి సొంత జుట్టేనా అక్కా?" అని అడిగింది. విగ్గు అని చెప్పాను. "అయితే సరే" అని మళ్లీ నడిపించింది.