ఉత్తర్వు ఉన్నా పాపను చూపించడం లేదు, భరణం ఆపేయొచ్చా?

మాది తెనాలి. విడాకుల కేసు విజయవాడలో నడుస్తోంది. ఆరేళ్ల పాప వాళ్లమ్మ దగ్గరే ఉంటోంది. రెండో, నాలుగో శనివారాలు కోర్టు ఆవరణలో చూడొచ్చని మధ్యంతర ఉత్తర్వు ఉంది. తీరా వెళ్లాక "జ్వరం" అనో "పరీక్ష" అనో మెసేజ్. పోయినసారి తెచ్చారు గానీ, వరండా బెంచీ మీద, ఫైళ్లతో తిరిగే జనం మధ్య అమ్మమ్మ కొంగు వదల్లేదు. రంగు పెన్సిళ్ల డబ్బా అయినా తెరవలేదు. భరణం ఆపితే దారికొస్తారని మా బావ అంటున్నాడు.

జవాబు: బావగారి మాట వినకండి సార్. భరణం వేరు, పిల్లను చూసే హక్కు వేరు. ఆపితే కేసు మీకే అడ్డం తిరుగుతుంది, వారెంట్ దాకా పోవచ్చు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అదే కేసులో ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసి, ఉత్తర్వు మార్చమని అడగండి. ఆ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయొద్దు.

జవాబు: నేను అవతలి వైపు తల్లిని. కోర్టుకు వెళ్లాలంటే మా బాబుకు నిజంగానే కడుపునొప్పి వచ్చేది. మీడియేషన్‌లో కూర్చుని పార్కుకు మార్చుకున్నాం. అన్నీ సాకులే అనుకోకండి అన్నయ్యా.

జవాబు: వీడియో కాల్ కూడా అడగండి. మామూలు పరిస్థితుల్లో పిల్లలతో రోజూ 5-10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

ప్రశ్న అడిగినవారు: కాల్ సంగతి మా లాయరు చెప్పనేలేదు! సోమవారం అడుగుతా. అమ్మా, పార్కు మాటా ఆలోచిస్తాను.