కొడుక్కి ఉద్యోగం వచ్చింది. రొట్టె ఇవ్వాలా, షుక్రానా (కృతజ్ఞత) నమాజుతో సరిపోతుందా?

కావలి కోడలు:
అస్సలాము అలైకుమ్. మాది నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఖురాన్ అరబీలో చదవగలను గానీ అర్థం కావాలంటే తెలుగు తర్జుమా తెరవాల్సిందే. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పోయిన మొహర్రంలో అత్తమ్మతో నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళాను. అక్కడ పన్నెండు మంది షహీదుల (అమరవీరుల) దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి మా అబ్బాయి కోసం ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. కోరిక తీరినవాళ్ళు ఇస్తే కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు, తీరాక మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాలంటారు. ఇచ్చినావిడ గూడూరు నుంచి వచ్చిన హిందువు. వాళ్ళమ్మాయికి టీచర్ పోస్టు వచ్చిందట, ఎంత సంతోషంగా ఇచ్చిందో! రంజాన్ తర్వాత మావాడికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, అల్‌హందులిల్లాహ్.

మళ్ళీ పండగ దగ్గరికొచ్చింది, ఇంట్లో గొడవ మొదలైంది. "రొట్టె తిరిగి ఇయ్యకపోతే ఆ ఉద్యోగం నిలవదు" అని అత్తమ్మ. "వదినా, ఇస్తే షిర్క్ (అల్లాకి సాటి కల్పించడం), నీ నమాజులన్నీ పోయినట్టే" అని మతబోధ చేసే జమాత్‌లో తిరిగే మా మరిది. మా ఆయన ఇద్దరి మధ్యా నోరు తెరవడు. నేను దువా (ప్రార్థన) చేసింది అల్లాకే, షహీదుల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడేం చేయాలి? తిట్టకుండా చెప్పండి, ఇప్పటికే టెన్షన్‌గా ఉంది.

పొన్నూరు భాయ్:
చెల్లెమ్మా, మీ మరిది చెప్పిందే కరెక్ట్. రోజుకి నమాజులో ఫర్జ్ (తప్పనిసరి) రకాతులే (భాగాలే) 17. ఒక్కో రకాతులో ఖురాన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా చదువుతాం, చదివిన ప్రతిసారీ "నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సాయం అడుగుతాం" అంటాం. అలా అన్న నోటితో చెరువులో నిలబడి ఉద్యోగం రొట్టె ఎక్కడ అని అడగడమేంటి? రెండు రకాతులు చదివి ఊరుకోండి.

రిటైర్డ్ టీచరమ్మ:
అమ్మా, నేను కడప దాన్ని. పెద్ద దర్గాకి దగ్గర్లోనే పెరిగాను. ఉరుసుకి వచ్చే జనాన్ని చిన్నప్పటి నుంచీ చూశాను, వాళ్ళ మీద నాకు కోపం లేదు. అది ముందు చెప్పి మొదలుపెడతా, లేకపోతే నన్ను కూడా ఏదో ఒక గ్రూపులో కలిపేస్తారు.

మీ మరిది ఆ మాట గాల్లోంచి తేలేదు. షిర్క్ చేస్తే చేసినవన్నీ వృథా అవుతాయని ఖురాన్‌లో సూరా జుమర్ 65వ ఆయతులో (వాక్యంలో) ఉంది. అయితే అక్కడే పుస్తకం మూసేయకుండా 66 కూడా చదవమనండి. అల్లానే ఆరాధించు, షుక్ర్ (కృతజ్ఞత) చేసేవాళ్ళలో ఉండు అంటుంది. సూరా బఖరా 172లోనూ ఇవి రెండూ కలిసే వస్తాయి: మేమిచ్చిన మంచి తిండి తినండి, మీరు ఆరాధించేది అల్లానే అయితే ఆయనకి షుక్ర్ చేయండి అని. తిండి దగ్గర మొదలైన మాట తౌహీద్ (దేవుడొక్కడే అన్న నమ్మకం) దాకా వెళ్ళింది చూడండి. షుక్ర్ కూడా ఇబాదతే (ఆరాధనే) కాబట్టి అది ఎవరికి చేరుతోందో చూసుకోవాలి.

నన్నడిగితే మీ అత్తమ్మ భయం గురించే ఎక్కువ ఆలోచించాలి. ఉద్యోగం ఇచ్చింది అల్లా అయితే, రొట్టె ఇవ్వలేదని దాన్ని ఊడబెరికేది ఎవరు? ఆ పన్నెండు మంది షహీదులా? వాళ్ళకి మీ అబ్బాయి మీద పగ ఎందుకుంటుందమ్మా! మొక్కు వల్ల జరగబోయేది ముందుకూ రాదు, వెనక్కీ పోదు, పిసినారి చేత కాస్త ఖర్చు పెట్టిస్తుందంతే అని హదీసు (ప్రవక్త మాట), బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఆవిడకి ఇది నెమ్మదిగా చెప్పండి. పెద్దావిడ, వాదన పెట్టుకోకండి.

ఇంకో హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఒకాయన బువానా అనే చోట ఒంటెల్ని జబా చేస్తానని (కోస్తానని) మొక్కుకుని ప్రవక్త (స) దగ్గరికొచ్చాడు. జాహిలియ్యా (ఇస్లాంకి ముందు) కాలంలో పూజించిన విగ్రహం అక్కడ ఉండేదా, వాళ్ళ పండగేదైనా జరిగేదా అని ఆయన అడిగారు. లేదన్నాక, అయితే నీ మొక్కు తీర్చుకో అన్నారు. చోటు గురించి కూడా అడిగారంటే అది లెక్కలోకి వచ్చే విషయమే. మన హనఫీ ధర్మశాస్త్ర శాఖ పెద్దలు, ఇబ్నె ఆబిదీన్ లాంటివాళ్ళు కూడా ఇదే గీత గీశారు: సృష్టిలో ఎవరికి మొక్కినా చెల్లదు, అల్లా పేరున మొక్కి ఫలానా దర్గా దగ్గరున్న పేదలకి పెడతానంటే చెల్లుతుంది.

కాబట్టి గోధుమ రొట్టెలు చేయండి, బాగా చేయండి, నెయ్యి కూడా రాయండి. అల్లా పేరున ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టండి. మీ అబ్బాయి మొదటి జీతంలోంచి సదఖా (దానం) తీయమనండి. ప్రవక్త (స) కాళ్ళు వాచేలా రాత్రి నమాజులో నిలబడేవారు. ఎందుకింత కష్టం అని ఆయన భార్య ఆయిషా (ర) అడిగితే, నేను షుక్ర్ చేసే దాసుణ్ణి కావొద్దా అన్నారు. ఆ లెక్కన రెండు రకాతులు మనకేం బరువు?

అన్నట్టు, మీవాడికి రెజ్యూమె రాసిచ్చినవాళ్ళో, చెన్నైలో గది చూపించినవాళ్ళో ఉంటారు కదా. వాళ్ళకి ఫోన్ చేశాడా? మనుషులకి కృతజ్ఞత చెప్పనివాడు అల్లాకి చెప్పనట్టే అని హదీసు. పిల్లలు ఇది మర్చిపోతారు.

చెరువుగట్టు నివాసి:
నెల్లూరు వాణ్ణి, ఒక్క మాట. మేం షహీదుల్ని పూజించం. సమాధికి సజ్దా (సాష్టాంగం) చేయడం హరామ్ (నిషిద్ధం) అని, దర్గాల్ని గౌరవించే బరేల్వీల పెద్ద అయిన బరేలీ అహ్మద్ రజా ఖాన్ సాహెబే పుస్తకం రాశారు, గౌరవం కోసం చేసినా సరే హరామే. జియారత్‌కి (సమాధి దర్శనానికి) వెళ్ళి ఫాతిహా చదువుతాం, అడిగేది అల్లానే. కోరిక తీరినవాళ్ళు తీరనివాళ్ళకి రొట్టె ఇస్తారు, కులం మతం చూడరు. అందులో షుక్ర్ లేదని ఎలా అంటారు? బయటూరి వాళ్ళు ఒక వీడియో చూసి ఫత్వా ఇచ్చేస్తారు.

రిటైర్డ్ టీచరమ్మ:
బాబూ, మీరు చెప్పినట్టే అందరూ చేస్తే నాకు పేచీ లేదు. కానీ "ఈ రొట్టె తింటే ఖాయం" అని చెప్పేవాళ్ళూ అక్కడ ఉంటారని మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఊరి వాళ్ళు చెబితే వింటారు, కడప నుంచి నేను చెబితే వినరు.

కావలి కోడలు:
టీచరమ్మా, జజాకల్లాహ్. బువానా హదీసు అత్తమ్మకి చదివి వినిపించా. చివరిదాకా విని "అయితే పేదలకి ఇక్కడే పెడదాం, కానీ నేను నెల్లూరు పోయి ఫాతిహా చదివి వస్తా" అంది. నేను ఇంట్లోనే చదువుకుంటానన్నా, ఏమీ అనలేదు. మరిది 66వ ఆయతు చూసి "మౌలానాని అడిగి చెప్తా" అని వెళ్ళాడు, ఇంకా చెప్పలేదు. రెజ్యూమె రాసిచ్చింది మా పక్కింటి అబ్బాయి. మావాడు ఇంతవరకూ ఫోన్ చేయలేదట!