హెచ్‌ఐవీ టీకాలో ప్రతి డోసుకూ ప్రోటీన్ ఎందుకు మార్చాలి?

నమస్కారమండీ. కావలిలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. సోమవారం సెమినార్, ఒక్కచోట ఆగిపోయి టెన్షన్ పడుతున్నాను.

2022లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో, ఈఓడీ-జీటీ8 అనే ప్రయోగదశ హెచ్‌ఐవీ టీకా వేసుకున్న 36 మందిలో 35 మందికి వీఆర్‌సీ01 (చాలా రకాల హెచ్‌ఐవీని అడ్డుకునే యాంటీబాడీ) తరహా యాంటీబాడీలకు మూలమైన బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే రోగనిరోధక కణాలు) మేలుకున్నాయి. అవి ఇంకా వైరస్‌ను ఆపే స్థాయివి కావు, అంతవరకు అర్థమైంది. తర్వాతి డోసుల్లో మాత్రం మెల్లగా అసలు వైరస్ పైపొరకు దగ్గరయ్యే వేరే ప్రోటీన్లు ఇవ్వాలట. మొదటిదే మళ్లీ ఇస్తే ఆ కణాలు దారి తప్పుతాయా?

బోర్డు మీద వైరస్‌ను తాళంగా, యాంటీబాడీని తాళంచెవిగా గీస్తే మా ఫ్రెండ్ "తాళమే మారిపోతుంటే చెవి ఏం చేస్తుందిరా?" అన్నాడు. వైరస్ మీద సీడీ4 (మన రోగనిరోధక కణాల పైనుండే, వైరస్ పట్టుకునే ప్రోటీన్) అతుక్కునే చోటు పెద్దగా మారదన్నాను. మరి దాని చుట్టూ ఉన్న చక్కెర పొరను యాంటీబాడీ ఎలా దాటుతుంది? తెలిసినవాళ్లు కాస్త తెలుగులోనే చెప్పరూ.