ఇంకొకరి నాటకంలో నటుడు తన సొంత పాట పెట్టుకోవచ్చా? (స్థానం వారి మీరజాలగలడా గురించి)

పాతపద్యం:
మొన్న రాత్రి నిద్రపట్టక 1966 శ్రీకృష్ణ తులాభారం సినిమా పాటలు పెట్టుకున్నా. మీరజాలగలడా దగ్గర రచన స్థానం నరసింహారావు అని ఉంది. ఆడవేషాల స్థానం గారేనా అని నాన్నని అడిగితే ఆయనేరా, స్టేజీ మీద సత్యభామగా పాడటానికి ఆయనే రాసుకున్నాడు అన్నారు. మరి నాటకం ఎవరిది? ముత్తరాజు సుబ్బారావు గారిది. ఇప్పుడు పాట అందరికీ తెలుసు, స్థానం పేరు తెలుసు, నాటకం రాసినాయన పేరు మాత్రం నేనూ వెతుక్కోవాల్సొచ్చింది. వేషం వేయడానికి వచ్చిన మనిషి పాట రాసి లోపల పెట్టేస్తే అది రచయితకి అన్యాయం కాదా? స్థానం గారంటే గౌరవం లేక కాదు, అడుగుతున్నా అంతే.

లెగ్‌హార్మోనియం:
అన్యాయమే అంటాను. పదిహేనేళ్లుగా పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తున్నా, ఈ జబ్బు రోజూ చూస్తున్నదే. ఓ కృష్ణుడు ఉన్నాడు, పేరొద్దులెండి, రాయబారం సీన్‌లో తను రాసుకొచ్చిన పద్యం ఒకటి దూర్చాడు, రిహార్సల్‌లో మాటమాత్రం చెప్పలేదు, స్టేజీ మీద ఎత్తుకున్నాక ఏ రాగమో నేను వెతుక్కుంటూ వెంటపడ్డా, ఎదురుగా దుర్యోధనుడు పాపం గద భుజాన పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పద్యంలో యతి కూడా లేదు. అడిగితే స్థానం గారు పెట్టలేదా అన్నాడు! అందరూ ఆయన పేరే చెప్తారు.

భామాకలాపం:
అన్నయ్యా, ఆ కృష్ణుడి తప్పు స్థానం గారి నెత్తిన పెడితే ఎలా 😄 ఒకసారి పాట చూడండి. సత్యభామ పుణ్యకవ్రతం చేస్తోంది, కృష్ణుణ్ణి నారదుడికి దానమిచ్చేస్తే ఆయన ఇక తనవాడే అని నమ్మకం. మీరజాలగలడా, అంటే నా ఆజ్ఞ ఆయన దాటగలడా అంటోంది. ఇందులో రెండు సంగతులు. ఒకటి, కృష్ణుడని అనదు, సత్యాపతి అంటుంది, అంటే రుక్మిణి మొగుడు కాదు, ఎనిమిది మంది మొగుడు కాదు, నా మొగుడు. పొగరంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. రెండోది ఆ గలడా. అది ప్రశ్న, పైగా చివర దీర్ఘం. అక్కడ ఆగి కన్నెగరేస్తే గర్వం, చూపు పక్కకి తిప్పితే అనుమానం, నవ్వితే సరసం. జనం వన్స్ మోర్ అన్నప్పుడల్లా స్థానం గారు అదే లైన్‌కి కొత్త భావం చూపించేవారని పాతవాళ్లందరూ చెప్పేది ఇదే. టేబుల్ ముందు కూర్చుని రాసేవాడికి అక్కడ దీర్ఘం కావాలని తోచదు, పాడి ఆడేవాడికే తోస్తుంది. కథని పక్కకి లాగలేదు, సీన్‌లో ఉన్నదాన్నే పైకి తీశారు.

కాటిసీను:
హరిశ్చంద్ర సంగతి ఎవరూ ఎత్తరేం? నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కాటిసీనులో జనం చెవి కోసుకునేది జాషువా గారి శ్మశానవాటి పద్యాలకి. ఇచ్చోటనే అని ఎత్తుకోగానే పందిరంతా నిశ్శబ్దం. బలిజేపల్లి వారు స్వయంగా నక్షత్రకుడి వేషం వేసిన మనిషి, స్టేజీ తెలిసినవాడు. ఆ పద్యాలు తీసేసి ఆడమనండి చూద్దాం.

పాతపద్యం:
అది వేరు కదండీ. జాషువా గారి పద్యాలు ముందే కావ్యంగా ఉన్నాయి, బాగున్నాయని తెచ్చుకున్నారు. ఇక్కడ నటుడే తన వేషం పెంచుకోవడానికి రాసుకున్నాడు, స్వార్థం ఉంది కదా అందులో.

భామాకలాపం:
ఉంటే ఏంటి? స్వార్థంతో రాసినా ఇంకొకరికి పనికొచ్చిందా లేదా అన్నదే నా లెక్క. సినిమాలో సుశీలమ్మ పాడారు, జమున గారు చేశారు, స్థానం గారి గొంతు లేదు, ఆయన చీరకట్టూ లేదు, అయినా పాట నిలబడింది. లెగ్‌హార్మోనియం గారి కృష్ణుడి పద్యం రెండో కృష్ణుడు పాడతాడా?

లెగ్‌హార్మోనియం:
రెండో కృష్ణుడు కాదు, వాడే మళ్లీ పాడలేదు.

మైకులేనికాలం:
మధ్యలో వస్తున్నా. అసలు మగాడు సత్యభామ వేయడమేంటి, సురభి నాటకాలవాళ్లు ఎప్పటినుంచో ఆడవాళ్లతోనే వేయించారు కదా అని నాకుంటుంది, అది ఇంకో గొడవ, ఇప్పుడొద్దు. కానీ ఒకటి చూడండి, స్థానం గారి మొదటి వేషమే అనుకోకుండా వచ్చింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర ఆడుతుంటే చంద్రమతి వేయాల్సిన మనిషి రాలేదు, పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి ఎక్కించారు. తర్వాత తెనాలి రామవిలాస సభ నాటక సమాజం, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి వేషాలు, 1956లో పద్మశ్రీ. కన్యాశుల్కంలో మధురవాణికి గురజాడ వారి మాటలే చాలు, అక్కడ ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆ మాటలు పలికినందుకే. అంటే ఎక్కడ చేయి పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో ఆయనకి తెలుసనే కదా.

పాతపద్యం:
సరే, ఈ పాట వరకు ఒప్పుకుంటా. కానీ పాట గురించి రాసేవాళ్లు ముత్తరాజు సుబ్బారావు గారి పేరు కూడా ఒక లైన్ రాయండి, ఖర్చేం కాదు.

లెగ్‌హార్మోనియం:
దానికి నేనూ సై. ఇంకోటి చెప్పి పడుకుంటా. ఆమధ్య ఓ పోటీలో మాకు టైం దాటిపోతోందని మా సత్యభామ ఈ పాట వదిలేసి డైలాగులోకి వెళ్లిపోయింది. వెనక బెంచీల్లోంచి ఓ పెద్దాయన లేచి "అమ్మా, పాటేది?" అని అరిచాడు, అంతే, ఇంకో నలుగురు అందుకున్నారు. ఆ అమ్మాయి నా వంక చూసింది, నేను శ్రుతి ఇచ్చా. పాడింది, చప్పట్లు పడ్డాయి, టైం దాటినందుకు మార్కులూ కోశారు.