మార్కులు తీసేస్తే ఒత్తిడి పోతుందా, చోటు మారుతుందా?

లెక్కల మాస్టారు:
ఈ ఏడాది జవాబు పత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు వేయడం మానేశాను. తప్పు ఏ వరుసలో మొదలైందో అక్కడ గీత గీసి, పక్కన ఒక మాట రాసి, వారంలోగా సరిచేసి తెమ్మంటున్నాను. సరిగ్గా ఉంటే ‘వచ్చింది’, లేకపోతే ‘ఇంకా రాలేదు’. ఈ రెండే. ఇదివరకు పత్రం చేతికందగానే మూలనున్న అంకె చూసి, పక్కవాడి అంకె చూసి, మడిచి సంచిలో పెట్టేసేవారు. రాత్రి కూర్చుని నేను ఖర్చు చేసిన ఎర్రసిరా అంతా ఆ మడతలోనే ఉండిపోయేది. విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, వ్యాఖ్యతోపాటు మార్కు కూడా ఇస్తే ఆ మేలు కనిపించలేదు. తోటి ఉపాధ్యాయులు మాత్రం పిల్లలను చెడగొడుతున్నానంటున్నారు. మీరేమంటారు?

పాత పరీక్షకుడు:
చెడగొడుతున్నారని నేననను మాస్టారూ. ఒత్తిడి తగ్గుతుందంటే మాత్రం ఒప్పుకోను. అమెరికాలో వైద్యుల లైసెన్సు పరీక్ష మొదటి దశకు 2022 జనవరి నుంచి స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. డాక్టరు చదువు అయ్యాక ఆసుపత్రిలో పొందే శిక్షణకు, అంటే రెసిడెన్సీ సీట్లకు వడపోత ఆగలేదు కదా, అందరి చూపూ స్కోరు మిగిలిన రెండో దశ మీద పడింది. సీట్లు పది, అడిగేవారు వంద ఉన్నంతకాలం ఎవరో ఒకరు వరుస కట్టక తప్పదు. మీరు కట్టకపోతే సిఫారసు ఉత్తరం చూసో, కాలేజీ పేరు చూసో ఇంకొకరు కడతారు. అంకెకు మొహమాటం లేదు. వెనక ఎవరూ లేని పిల్లవాడికి అదే అండ.

రెండో సంవత్సరం విద్యార్థిని:
మాకు ఒక సబ్జెక్టులో ఇలాగే పెట్టారండీ, ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చని. మొదటి నెల హాయిగా ఉంది. తర్వాత ప్రతి పనినీ ‘మళ్లీ చూద్దాంలే’ అని పక్కన పెట్టాను. సెమిస్టర్ చివరికి పదకొండు తిరగరాతలు పోగుపడ్డాయి. గడువు లేని దయ కూడా భారమేనని అప్పుడు తెలిసింది. కానీ ఒకటి చెప్పాలి. ‘ఇది నాకు అర్థం కాలేదు’ అని తరగతిలో చేయెత్తి అడిగింది కూడా ఆ సబ్జెక్టులోనే.

బృందం నడిపే ఉద్యోగి:
ఆ చేయెత్తడమే అసలు విషయం. ఆసుపత్రి బృందాలను పరిశీలించిన హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్సన్‌కు మంచి బృందాల్లోనే ఎక్కువ తప్పులు కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచకుండా చెబుతున్నారని! ఇక్కడ నా నిర్వాకమూ చెప్పుకోవాలి. ఒకసారి సమావేశంలో ఒకతను ‘ఆ పొరపాటు నాదే’ అన్నాడు. ఏడాది చివర నేను దాన్నే అతని మదింపు పత్రంలో రాశాను. మరుసటి ఏడాది నా బృందంలో ఒక్క పొరపాటూ జరగలేదు, కాగితం మీద.

ఉద్యోగులకు వరుస సంఖ్యలు కట్టి, ఇంతమంది అడుగున ఉండాల్సిందే అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. మా ఆఫీసూ రేటింగులు తీసేసింది. జీతాల పెంపు మాత్రం ఏదో ఒక లెక్కన జరగాలి కదా, ఆ లెక్క తలుపు వెనక్కి పోయింది. ఇదివరకు మూడో రేటింగు వచ్చిందని గొడవపడేవారు. ఇప్పుడు దేని మీద గొడవపడాలో కూడా తెలియదు. పరీక్షకుడుగారు చెప్పిన మొహమాటం ఇదే.

నా అభిప్రాయం అడిగితే, నేర్పడానికి రాసే కాగితం, ఎంపికకు వాడే కాగితం ఒకటే కావడం దగ్గరే తగాదా అంతా. దిద్దేవాడే తూచేవాడని తెలిశాక తప్పు ఎవరు చూపిస్తారు?

లెక్కల మాస్టారు:
అమ్మాయీ, పదకొండు తిరగరాతల మాట గుర్తుంచుకుంటాను. ఒక్కో పనికి రెండు అవకాశాలు, అదీ వారంలోపే. పరీక్షకుడుగారూ, అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదటి రెండేళ్లు గ్రేడ్లు తీసేసి పాస్, ఫెయిల్ ఉంచితే విద్యార్థుల మానసిక స్థితి మెరుగైంది, లైసెన్సు పరీక్షలో వెనకబడనూ లేదు. 1968లో కొత్తగా చేరినవారికి పాస్, ఫెయిల్ పద్ధతి మొదలుపెట్టిన అమెరికా సాంకేతిక విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి.లో ఇప్పటికీ తొలి సెమిస్టర్‌కు గ్రేడు లేదు. తప్పిన సబ్జెక్టు బయటికిచ్చే పత్రంలోకి ఎక్కదు. ఆ తర్వాత గ్రేడ్లు మామూలే. నేనూ ఏడాది పొడవునా మార్కులు ఆపి, చివరి పరీక్ష ఒక్కదానికే వేస్తాను.

పాత పరీక్షకుడు:
అంటే ఏడాది భయమంతా మూడు గంటల్లోకి కుక్కుతారన్నమాట. రెండు పరీక్షలైనా పెట్టండి. ఇంకొకటి, ఏడాదంతా ఎవరు ఎక్కడ తడబడ్డారో మీకు చేతిరాతతో సహా తెలుసు. ఆ పత్రాలు దిద్దేది కూడా మీరేనా?

లెక్కల మాస్టారు:
రెండు పరీక్షలకు సరే. దిద్దడానికి పక్క సెక్షన్ టీచరుగారిని అడుగుతాను. పిల్లలను చెడగొడుతున్నానని మొదట అన్నది ఆవిడే.